పదకొండు నిమిషాలు

ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలుండేవాళ్ళు. మబ్బు పట్టిందంటే చాలు, అక్క కిటికీ దగ్గరికి పరిగెత్తేది, తమ్ముడు మంచం కిందికి దూరేవాడు. మెరుపు మెరవగానే అక్క వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టేది. ఉరుము వినపడేసరికి ఆపి, వచ్చిన అంకెను మూడుతో భాగించి, "ఇంకా నాలుగు కిలోమీటర్ల అవతలుంది, బయటికి రారా పిరికీ" అని మంచం కిందికి కేకేసేది. తమ్ముడు తల మాత్రం బయటపెట్టి, "నీ లెక్క దానికి తెలుసా?" అనేవాడు.

ఆ భయంలోంచే వాడికి కథలు పుట్టాయి. మెరుపూ ఉరుమూ అక్కాతమ్ముళ్ళట. అక్క ఎప్పుడూ ముందు పరిగెడుతుందట, తమ్ముడు వెనకనుంచి "ఆగవే, నేనూ వస్తున్నా" అని అరుచుకుంటూ వస్తాడట. అందుకే వెలుగు ముందు, చప్పుడు వెనక. ఆరేళ్ళ వయసులో వాడు అల్లిన కథ అది. అక్క నవ్వి, వెలుగు వేగం ఎంతో, చప్పుడు వేగం ఎంతో చెప్పింది. వాడు బుద్ధిగా విని, "నేను చెప్పిందీ అదే కదా!" అన్నాడు.

పెద్దయ్యాక కూడా ఇద్దరూ అలాగే ఉన్నారు. అక్క వాతావరణ కేంద్రంలో పిడుగు హెచ్చరికల విభాగంలో చేరింది. తమ్ముడు పిల్లల గ్రంథాలయంలో చేరాడు. జీతం ఇచ్చేది పుస్తకాలు సర్దినందుకే అయినా, జనానికి తెలిసింది మాత్రం వాడి శనివారం కథలే. గ్రంథాలయం వెనక పచ్చికలో చాపలు పరిచి, మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెట్టేవాడు. ఒక కథ చెబుతూ మధ్యలో ఇంకో దారి పట్టేవాడు, అక్కణ్ణుంచి మరో సందులోకి తిరిగేవాడు. అసలు కథ వచ్చే శనివారానికి గానీ ఇంటికి చేరేది కాదు. అందుకని పిల్లలు వాడికి 'పిట్టకథ' అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలెట్టారు. ఆఖరికి కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే వాడి భార్య కూడా, "మీ పిట్టకథ ఇంకా భోజనానికి రాలేదు వదినా" అని ఫోన్లో చెప్పేది.

ఆ శనివారం పొద్దున తమ్ముడే అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఇవాళ పిడుగు కథలు చెబుతున్నా. దేవతల రాజుకి ఆయుధం కోసం తన వెన్నెముక ఇచ్చేసిన ముని కథ ఒకటి. రెక్కలు కొడితే ఉరుములు, కళ్ళు తెరిస్తే మెరుపులు వచ్చే పెద్ద పక్షి కథ ఇంకోటి. చివర్లో నీ సైన్సు కూడా కాస్త కలుపుతా. పిల్లలకి అర్థమయ్యేలా చెప్పు, అసలు పిడుగు ఎందుకు పడుతుంది?"

"మబ్బులో మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకుంటాయిరా. ప్లాస్టిక్ దువ్వెన తలకి రాసినట్టు. పైన ఒక రకం కరెంటు, కింద ఒక రకం పోగవుతుంది. పట్టలేనంత అయ్యాక నేలకేసి దారి వెతుక్కుంటుంది."

"దారి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. మెట్లు మెట్లుగా తడుముకుంటూ దిగుతుంది. కింద నుంచి ఎత్తుగా ఉన్నవి కూడా చెయ్యి చాచినట్టు కాస్త కరెంటు పైకి పంపుతాయి. రెండూ కలిసిన చోట పడుతుంది."

"అంటే కిందవాడు కూడా చెయ్యి చాస్తాడన్నమాట! అబ్బ, ఇది నా ముని కథ కంటే బాగుంది" అని మురిసిపోయాడు. "ఇవాళ వానేమైనా ఉందా?"

"సాయంత్రం ఉండొచ్చు. ఉంటే ఫోన్లకి సందేశం వస్తుందిలే. పంపేది నేనేగా."

నవ్వుతూనే పెట్టేసింది.

వాతావరణ కేంద్రంలో ఆమె కూర్చునే గదికి కిటికీలు లేవు. ఆకాశాన్ని కాపలా కాసే గదిలోంచి ఆకాశం కనపడదని అక్కడివాళ్ళ పాత జోకు. గోడకి రెండు తెరలు. ఒకదాని మీద రాడార్ చిత్రం, ఒకదాని మీద పిడుగుల పటం. పటంలో ఇప్పుడే పడిన పిడుగు తెల్లచుక్కగా కనిపిస్తుంది. కాసేపటికి పసుపవుతుంది, తర్వాత ఎర్రబడి మాయమవుతుంది. రాడార్ మాత్రం ఆకాశాన్నంతా ఒకసారి కలియజూసి కొత్త చిత్రం ఇవ్వడానికి పదకొండు నిమిషాలు తీసుకుంటుంది.

ఆ నెలలో ఆమె రెండుసార్లు హెచ్చరిక పంపింది. రెండుసార్లూ మబ్బు దారిలోనే చెదిరిపోయింది, చినుకు కూడా రాలలేదు. ఒకసారి నిండు ఆట మధ్యలో క్రీడామైదానం ఖాళీ చేయించారు. ఇంకోసారి ఊరంతా భవనాల పనులు ఆపించారు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. విభాగాధికారి మంచివాడే, కోప్పడలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "మీ పనితనం నాకు తెలుసమ్మా. కానీ ఊరికూరికే కేకలేస్తే నిజంగా వచ్చిన రోజున ఎవరూ తల తిప్పి చూడరు. కాస్త చూసుకుని పంపండి" అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఆ మెత్తని మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

శనివారం మధ్యాహ్నం మూడూ ఏడుకి వచ్చిన చిత్రంలో, ఊరికి పడమటగా ఒక మబ్బు లేచి కనిపించింది. చిన్నదే, కానీ ఎత్తు పెరుగుతోంది. పిడుగుల పటంలో దాని కింద రెండు తెల్లచుక్కలు. ఊరిమీదికి వస్తుందా, ఉత్తరానికి తప్పుకుంటుందా అన్నది తేలలేదు. ఆమె చెయ్యి సందేశం మీట దాకా వెళ్ళింది. నియమాల పుస్తకంలో, అనుమానంగా ఉంటే తర్వాతి చిత్రం చూసి నిర్ణయించవచ్చని ఉంది. మూడోసారి కూడా తుస్సుమంటే ఆ అధికారి మళ్ళీ కుర్చీ లాక్కుని వచ్చి ఎంత మర్యాదగా కూర్చుంటాడో ఆమె కళ్ళ ముందు కదిలింది.

ఇంకొక్క చిత్రం చూద్దాం, అనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

మబ్బు నెత్తిమీదికొచ్చాకే పిడుగు పడాలని లేదు. వాన ఇంకా పది కిలోమీటర్ల దూరంలో ఉండగానే, తలమీద ఎండ కాస్తుండగానే పడొచ్చు. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది ఆమే.

మూడూ పదహారుకి పటం మీద, మబ్బుకి చాలా ముందుగా, ఊరి నడిమధ్య ఒక తెల్లచుక్క మెరిసింది. అది గ్రంథాలయం ఉన్న పేట. ఆమె తమ్ముడికి రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. మూడూ పద్దెనిమిదికి కొత్త చిత్రం వచ్చింది. మబ్బు నేరుగా ఊరిమీదికే వస్తోంది. ఆమె మీట నొక్కింది. ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. పచ్చికలో పడిపోయిన తమ్ముడి చుట్టూ మూగినవాళ్ళ జేబుల్లో కూడా మోగాయని ఆమెకు తర్వాత తెలిసింది.

జరిగిందేమిటో గ్రంథాలయాధికారిణి ఆసుపత్రిలో చెప్పింది. కథ సగంలో ఉండగా గాలి లేచిందట. తమ్ముడు పిల్లల్ని లోపలికి పంపేశాడట. చాపలు చుట్టబెట్టడానికి ఒక్కడే వెనక్కి వచ్చాడట. పక్కనున్న దీపస్తంభం మీద పిడుగు పడి, నేలలోంచి వాడి కాళ్ళకి పాకిందట. "పిల్లలందరూ క్షేమం, ఈయనా బతికాడు. ఎంత అదృష్టం!" అందావిడ. వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అన్నారు.

తమ్ముడి వీపు మీద ఎర్రటి గీతలు, చెట్టు కొమ్మల్లా చీలి చీలి పైకి పాకి ఉన్నాయి. వాటి గురించి పుస్తకాల్లో చదివింది గానీ, అక్క కళ్ళారా చూడటం అదే మొదలు. రెండు రోజుల్లో అవి ఆనవాలు లేకుండా పోయాయి. ఒక చెవి పొర చిరిగింది. తాళంచెవులున్న జేబు దగ్గర తొడ కాలింది. నాలుగో రోజున లేచి నడిచాడు. మరదలు అక్క చేతులు పట్టుకుని, "గండం గడిచింది వదినా" అని ఏడ్చింది.

గడవలేదని నెల తిరిగేసరికి తెలిసింది.

ముందు మాటలు తప్పిపోసాగాయి. "ఆ... నీళ్ళు తాగేది... అది ఇవ్వు" అనేవాడు. చేతిలో గ్లాసు పెడితే, "అదే" అని సిగ్గుపడేవాడు. తర్వాత పొద్దున జరిగింది సాయంత్రానికి ఉండేది కాదు. చీటికీమాటికీ విసుక్కునేవాడు. ఎప్పుడూ గొంతెత్తనివాడు ఒకరోజు అన్నంలో ఉప్పు తక్కువైందని కంచం నెట్టేశాడు. గ్రంథాలయంవాళ్ళు మంచి మనసుతో పుస్తకాలకి ముద్ర కొట్టే పని ఇచ్చారు. కొట్టిన పుస్తకానికే మళ్ళీ మళ్ళీ కొట్టాడు. మూడో వారం వాళ్ళే ఇంటికి తీసుకొచ్చి దిగబెట్టారు.

"స్కాన్‌లో ఏ తేడా లేదు" అన్నాడు నరాల డాక్టరు. "పిడుగు తగిలినవాళ్ళలో కొందరికి ఇలాగే అవుతుంది. పైకి ఏమీ కనపడదు. జ్ఞాపకం నిలవడం కష్టం. అప్పుడప్పుడు ఏదో ఒకటి నిలుస్తుంది. ఏది నిలుస్తుందో మేం చెప్పలేం."

"బాగవుతుందా?" అని మరదలు అడిగింది.

డాక్టరు అక్క వైపు చూశాడు, చదువుకున్నావిడ కదా అర్థం చేసుకుంటుందన్నట్టు.

ప్రతి ఆదివారం తమ్ముడింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం, వాడి మనసు కాస్త నిలకడగా ఉందనిపించి, పక్కన కూర్చుని చిన్ననాటి కథ ఎత్తుకుంది. మెరుపు అక్కట, ఉరుము తమ్ముడట, ఆగవే నేనూ వస్తున్నా అంటాడట... ఆమెకు కథ చెప్పడం రాదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. అయిపోయాక, "బాగుందక్కా. ఎవరిది?" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు మాటున ఏడ్చింది.

అప్పటికి ఆ పదకొండు నిమిషాల సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. కేంద్రం వాళ్ళు విచారణ చేశారు. సందేశం మూడూ పద్దెనిమిదికి వెళ్ళింది, చిత్రం మూడూ పద్దెనిమిదికి వచ్చింది, అంతా సవ్యంగా ఉందని రాసుకున్నారు. మూడూ ఏడుకి ఒక చెయ్యి మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చిందని ఏ యంత్రంలోనూ నమోదు కాలేదు.

ఉండబట్టలేక అధికారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అంతా విని, నియమాల పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. "మీరు చేసింది పద్ధతి ప్రకారమే. సొంత తమ్ముడు కాబట్టి మీకిలా అనిపిస్తోంది. కొన్నాళ్ళు సెలవు పెట్టండి" అన్నాడు.

"నేను ఊరి కోసం ఆగలేదు సార్. మీరేమంటారోనని ఆగాను."

ఆయన ముఖం పాలిపోయింది. పుస్తకం మూసి, దాని అట్ట నిమిరాడు. "ఈ మాట ఇక్కడితో వదిలేద్దామమ్మా" అన్నాడు చివరికి. అలాగే వదిలేశారు. పై నెలలో ఆమెను పాత రికార్డుల గదికి మార్చారు, విశ్రాంతి కోసమని. యాభై ఏళ్ళ కిందటి వానల లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించడం పని. ఎప్పుడో కురిసి ఇంకిపోయిన వానలు. వాటి గురించి ఎవర్నీ హెచ్చరించక్కర్లేదు.

ఇక మిగిలింది తమ్ముడు. వాడికి చెప్పి తీరాలనుకుంది.

ఆదివారం మరదలి ఎదుటే చెప్పింది. చూశానని, చెయ్యి మీట దాకా తీసుకెళ్ళానని, పరువు పోతుందని ఆగానని, ఆ సందేశం వెళ్ళి ఉంటే నువ్వు చాపల కోసం బయటికి వచ్చేవాడివి కాదని. తమ్ముడు ఒక్కొక్క మాటా నెమ్మదిగా అందుకున్నాడు.

"నీకు కనిపించిందా?"

"కనిపించిందిరా."

"కనిపించి... ఆగావా?"

"ఆగాను."

వాడు లేచి నిలబడ్డాడు. కొన్ని నెలలుగా ఇంత స్పష్టంగా మాట్లాడి ఎరగడు. "వెళ్ళిపో. మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు. తలుపు వాడే తెరిచి పట్టుకున్నాడు.

మెట్లు దిగుతుంటే అక్కకి గుండెలో ఎక్కడో ఊపిరాడినట్టయింది. ఇన్నాళ్ళకి ఒక్కరు తనని తిట్టారు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, నిన్న ఆదివారం కదా, ఎందుకు రాలేదు? నా మీద కోపమొచ్చిందా?"

"కోపం లేదురా, వచ్చే ఆదివారం వస్తా" అంది.

మరుసటి ఆదివారం మళ్ళీ చెప్పింది. ఈసారి వాడు తిట్టలేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క వెళ్ళిపోయాక కూడా ఆపలేదట. మధ్యలో ఎందుకు ఏడుస్తున్నాడో మర్చిపోయాడట. అయినా ఏడుపు ఆగలేదట. ఈ సంగతి చెప్పడానికి మరదలు, మధ్యాహ్నం దుకాణంలో సెలవు అడిగి మరీ, రికార్డుల గదికి వచ్చింది. ఆమె వేళ్ళ సందుల్లో కళ్ళద్దాలు అరగదీసిన తెల్లటి పొడి ఇంకా అంటుకునే ఉంది.

"ఒక్క మాట అడుగుతాను వదినా, ఏమనుకోకండి. ఇంకెన్నిసార్లు చెబుతారు?"

అక్క ముందున్న కాగితాలు దగ్గరికి సర్దింది.

"మీరు చెప్పేసి మీ ఇంటికి వెళ్ళిపోతారు. తలుపేసుకుని ఆయన్ని చూసుకునేది నేను. ఆయనకి ప్రతిసారీ అది కొత్త కబురే. ఒక్కసారి తగిలిన పిడుగుకే మనిషి ఇలా అయ్యాడు. మీరు వారం వారం తెచ్చి పడేస్తున్నారు."

"నీకు నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? కడుపు రగిలిపోతోంది." మరదలు గొంతు పెంచకుండానే అంది. "మిమ్మల్ని రావద్దని చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ తీశానో. కానీ ఆయన పొద్దున లేవగానే గుర్తు తెచ్చుకునే పేర్లు రెండే. ఒకటి మీది. అందుకని రండి. వచ్చి, ఆ మాట మాత్రం ఎత్తకండి. నా మీద ఒట్టు."

ఆ తర్వాత అక్క ఆ మాట ఎత్తలేదు. వెళ్ళి కూర్చునేది, పళ్ళు కోసిచ్చేది, గోళ్ళు తీసేది. అయినా వాడి బుర్రలో ఏ మూలో ఆ దారి మిగిలిపోయినట్టుంది. ఏ మాట మాట్లాడుతున్నా చివరికి అక్కడికే వచ్చేవాడు.

"అక్కా, నువ్వెక్కడ పని చేస్తావు?"

"వాతావరణ కేంద్రంలోరా."

"అంటే పిడుగులవీ చూస్తారు కదా మీరు?"

"చూస్తారు."

"మరి నాకు తగిలింది... నీకు ముందే తెలిసిందా?"

మొదటిసారి మాట దాటేసింది. రెండోసారి పళ్ళెం తీసుకుని లేచిపోయింది. మూడోసారి వాడు ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. కళ్ళలోకి చూస్తూ, తప్పిపోయిన పిల్లవాడు దారి అడిగినట్టు అడిగాడు. వంటింటి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది.

"లేదురా" అంది అక్క. "తెలియలేదు. తెలిస్తే చెప్పనా?"

"అదీ! నేననుకున్నాలే" అని వాడు ఆమె చేతి మీద తట్టాడు. "నువ్వు బాధపడకు. అలాంటివి ఎవరికి తెలుస్తాయి?"

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ ఆమె తనకి తాను నచ్చజెప్పుకుంది. రేపటికి ఉండదు, అన్నీ పోయినట్టే ఇదీ పోతుంది. అబద్ధమైనా నిజమైనా వాడి దగ్గర ఒక్క పూట బతుకే కదా, అనుకుంది.

తరువాతి ఆదివారం ఆమె చెప్పులు విడుస్తుండగానే లోపలినుంచి తమ్ముడి గొంతు వినిపించింది. పక్కింటి పెద్దాయన పలకరించడానికి వచ్చి ఉన్నాడు. వాడు ఆయనతో ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు. మాటలు ఎక్కడా తడుముకోవడం లేదు.

"మా అక్క వాతావరణ కేంద్రంలోనే పని చేస్తుందండీ. కానీ పాపం దానికి ముందు తెలియలేదు. తెలిసుంటే చెప్పేది. అదే చెప్పింది నాకు, తెలిస్తే చెప్పనా అని."

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"పొద్దుటినుంచీ ఇదే మాట" అంది మరదలు, ఆమె వైపు చూడకుండా. "నిన్నా ఇదే. మొన్నా ఇదే. ఇన్నాళ్ళకి ఒకటి నిలిచింది వదినా."

తమ్ముడు అక్కని చూసి, సంబరంగా లేచి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి పక్కింటాయన ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఇదేనండీ మా అక్క. నువ్వే చెప్పు అక్కా, నీకు ముందు తెలియలేదు కదూ?"

పెద్దాయన జాలిగా ఆమె వైపు తిరిగాడు. తమ్ముడి ముఖం వెలిగిపోతోంది. చాలాకాలం తర్వాత ఒక కథ మొదటినుంచి చివరిదాకా తప్పకుండా చెప్పగలిగినవాడి ముఖం అది.

"తెలియలేదు" అంది అక్క.